మసూరు గింజలో నిప్పు

ఆ శీతాకాలం మా ఊళ్ళో గాజుపెంకు కూడా బంగారమే.

డిసెంబరులో అరగాట్స్ కొండ మీదనుంచి దిగిన గాలి మా బడి కిటికీలన్నీ పగలగొట్టి పోయింది. పక్క దేశంతో యుద్ధం, సరిహద్దులు మూసేశారు, రైళ్ళు రావడం లేదు, రాజధాని ఎరెవాన్ బజారులో అద్దమన్న మాటే వినబడటం లేదు. ప్లాస్టిక్ పట్టాలు కట్టాం. గాలికి అవి చిరిగి జెండాల్లా కొట్టుకున్నాయి. పిల్లలు బడిపొయ్యి కోసం తలా ఓ కట్టెముక్క చంకన పెట్టుకొచ్చేవాళ్ళు. చేతి తొడుగులతోనే పెన్సిలు పట్టుకుని లెక్కలు చేసేవాళ్ళు. ఆ లెక్కలు చెప్పేది నేనే. నా పేరు వర్తుహి.

ఊరి పెద్ద హ్రాచిక్ ఒకరోజు పొయ్యి దగ్గర చేతులు కాచుకుంటూ అన్నాడు:

"గాజు లేకపోవడమేంటి టీచరమ్మా? పైన అబ్జర్వేటరీలో బీరువాల నిండా గాజే. ఆకాశాన్ని ఫొటో తీసిన పలకలు. సోడా వేసి మరిగిస్తే ఆ నల్లచుక్కలన్నీ ఊడి చేతికొస్తాయి. కింద నీళ్ళలాంటి గాజు!"

"వాళ్ళిస్తారా?"

"గుర్గెన్ గారిని అడిగేశా. పనికిరావని పక్కన పడేసినవి ఒక గది నిండా ఉన్నాయట. తీసుకుపొమ్మన్నాడు."

గుర్గెన్ గారంటే అప్పట్లో అబ్జర్వేటరీ బాధ్యత చూస్తున్నాయన. జీతాలు లేవు, కరెంటు లేదు, సగం మంది ఉద్యోగులు ఊళ్ళు పట్టుకుపోయారు. ఉన్న కాస్త పరువూ నిలబెట్టుకుంటూ కోటూ టైతో రోజూ ఆఫీసుకొచ్చి కూర్చునేవాడు పాపం.

మంచు మీద లాగే బండి తీసుకుని ఇద్దరం పైకి వెళ్ళాం. పలకల గది గుమ్మంలో శూషానిక్ నిలబడి ఉంది. నా ఈడుదే. మా ఊరికి కోడలుగా వచ్చింది. మొగుడు రష్యాలో లారీ నడుపుతాడు. అత్తగారు హైకానూష్‌తో మా వీధి చివరి ఇంట్లో ఉంటుంది. పెళ్ళికి ముందు నుంచీ అబ్జర్వేటరీలోనే పని. ఆ రోజు ఉన్ని శాలువా తలచుట్టూ చుట్టుకుని, వేళ్ళ కొసలు కత్తిరించిన తొడుగులు వేసుకుని ఉంది. మెడలో తాడుకి ఓ భూతద్దం.

"కాస్త పక్కకి జరుగు శూషాన్ జాన్," అన్నాడు హ్రాచిక్. మాలో జాన్ అంటే బంగారుతల్లీ అన్నట్టు.

"జరగను."

"గుర్గెన్ గారు ఇమ్మన్నాడమ్మా."

"ఆయనింట్లోవి ఇమ్మనండి. ఇవి ఆయనవి కావు."

"అయితే నీవా?"

"నావీ కావు. అందుకే ఇవ్వలేను."

హ్రాచిక్ నాకేసి చూశాడు, నువ్వు మాట్లాడు అన్నట్టు. నేను లోపలికి తొంగిచూశాను. చెక్క అరల్లో కాగితం సంచులు వరసగా నిలబెట్టి ఉన్నాయి. "అసలేముంది శూషానిక్ అందులో?" అన్నాను.

ఒక పలక తీసి కిటికీ వెలుగుకి ఎత్తి పట్టింది. జానెడుకి కాస్త తక్కువ. నెగటివ్ కదా, ఆకాశం తెల్లగా, చుక్కలు నల్లగా. దుమ్ము చల్లినట్టుంది. భూతద్దం నా కంటికి పెట్టి, గోటి కొసతో ఓ చోటు చూపించింది. గసగసంత నల్ల మరక, రెండు పక్కలా సాగి ఉంది.

"మసూరు గింజలా ఉంది," అన్నాను.

"దాని ఆకారం అదే. చుట్టూ తిరిగే చేతుల్లేవు, నడుమ ఉబ్బు, అంచులు పలచన. అదో గెలాక్సీ. కోటానుకోట్ల సూర్యుళ్ళు. ఇలాంటివాటిని మావాళ్ళు అయిపోయిన గెలాక్సీలంటారు. వాయువంతా ఖర్చైపోయింది, కొత్త నక్షత్రాలు పుట్టవు, ముసలివి మాత్రం మినుకుమంటూ ఉంటాయి అని."

"చచ్చినదాని కోసమా ఈ గొడవ?"

"చావలేదు వర్తుహి. నడుమ నిప్పుంది. ఆ నిప్పు ఒక ఏడు పెరిగింది, ఒక ఏడు తగ్గింది. పలక పలకకీ తేడా ఉంది. కరెంటుంటే కొలిచే యంత్రంతో ఈపాటికి తేల్చేసేదాన్ని. మీరు మరిగిద్దామంటున్నవి ఆ పలకలే."

హ్రాచిక్ పగలబడి నవ్వాడు. "ఆ నిప్పేదో మా బడి పొయ్యిలోకి రమ్మని చెప్పమ్మా, పుణ్యముంటుంది!"

నాకు నవ్వు రాలేదు. "నా క్లాసులో పిల్లల వేళ్ళు పగిలి నెత్తురొస్తోంది. ఎప్పుడో భూమ్మీద మనిషి పుట్టకముందు బయల్దేరిన వెలుగు. ఇంకో ఏడాది ఆగితే దాని సొమ్మేం పోయింది?"

"వెలుగు ఆగుతుంది. గాజు మరిగించాక ఆగదు."

నేనడిగింది తప్పని ఇప్పటికీ అనుకోను. ఆమె కూడా నన్ను తప్పుపట్టలేదు. కాసేపు ముఖం తిప్పుకుని కిటికీకేసి చూసింది. తర్వాత అడిగింది: "మీక్కావలసింది గాజేగా? ఈ గాజే కావాలని లేదుగా?"

"ఇంకెక్కడుంది?"

"రేపు మా ఇంటికి రండి. బండి పెద్దది తెండి."

మర్నాడు మేం వెళ్ళేసరికి హైకానూష్ అరుపులు వీధి మొదటికే వినబడుతున్నాయి.

"ఓయమ్మో! నా కొడుకు కట్టిన ఇంటికి కళ్ళు పీకేస్తోందర్రా! ఇది కోడలా, వడగళ్ళ వానా?"

మా ప్రాంతంలో కిటికీలకు రెండు వరసల అద్దాలుంటాయి, చలికి. శూషానిక్ ఇంట్లో లోపలి వరస అప్పుడే ఊడదీసి గోడకి ఆనించింది. బయటి వరసకి సుత్తి పట్టుకుని ఉంది.

"రెండో వరస కూడానా?" అన్నాను భయపడి.

"మాకు చెక్కలున్నాయి, తివాచీలున్నాయి. మేమిద్దరం పెద్దవాళ్ళం." అత్తగారి వైపు తిరిగింది. "అత్తా, ఆ మేకులు ఇలా అందుకో."

"మేకులా? నీ నెత్తిన దిగేస్తా మేకులు!" అంటూనే ముసలావిడ మేకుల డబ్బా తెచ్చి ఇచ్చింది. ఆమె తీరంతా అంతే. నోటితో చంపేది, చేత్తో పెట్టేది.

మా ఇంటి లోపలి వరస నేనూ ఇచ్చాను. హ్రాచిక్ మొహం గంటు పెట్టుకుని తనవీ ఇచ్చాడు. శూషానిక్ అబ్జర్వేటరీ ఉద్యోగుల ఇళ్ళన్నీ తిరిగింది. కొందరిచ్చారు, కొందరు తలుపేసుకున్నారు. ఇంకా రెండు క్లాసు గదులకి అద్దాలు తక్కువయ్యాయి. అప్పుడామె తిన్నగా అబ్జర్వేటరీకి వెళ్ళి, గుర్గెన్ గారు ఎరెవాన్ వెళ్ళి ఉండగా, ఆయన ఆఫీసు కిటికీ అద్దాలు ఊడదీసి బండి మీద పెట్టింది. పెద్దవి, మందమైనవి. కొండకేసి తెరుచుకునే కిటికీ అది.

ఆయన తిరిగొచ్చాక జరిగిన మాటలు నేను చెవులారా విన్నాను. బడి తరఫున థాంక్స్ చెబుదామని వెళ్ళాను, ఖర్మ. చెక్కలు కొట్టిన గదిలో కిరోసిన్ దీపం పెట్టుకుని, టై సర్దుకుంటూ కూర్చున్నాడాయన.

"నా కిటికీ ఏమైందమ్మా?"

"బడికి పోయిందండీ," అంది శూషానిక్. "గాజు ఇమ్మని మీరే అన్నారుగా."

"నేనన్నది పాత పలకల సంగతి!"

"పలకలకి ఎదురుగాలి ఆపడం రాదండి. మీ కిటికీకి వచ్చు."

ఆయన ముఖం ఎర్రబడింది. "శూషానిక్, మూడేళ్ళ కిందటే చెప్పాను. నువ్వు చూసిన ఆ వెలుగు గెలాక్సీది కాదు. పలక మీద పూసిన ఫొటో మందు లోపం. బజారులో రొట్టె దొరకని దేశంలో, చచ్చిన మసూరు గింజ పట్టుకుని పరువు తీస్తున్నావు. గది తాళం ఇచ్చేయ్."

"ఇవ్వను."

"ఉద్యోగం తీసేస్తా."

"తీసెయ్యండి. జీతం ఎలాగూ లేదు. తాళం మాత్రం నా దగ్గరుంటుంది. రొట్టె లేదని ఇది పారేస్తే, రేపు రొట్టె వచ్చినప్పుడు దాన్ని తిని ఏం చేస్తామండీ మనం? గోళ్ళు గిల్లుకుంటామా?"

ఆయన దీపం వత్తి తగ్గించాడు.

ఊరంతా ఆమెకి మసూరమ్మ అని పేరు పెట్టింది. ఆ చలికాలం అందరం మసూరు పప్పు చారు మీదే బతుకుతున్నాం, అదో కారణం. రొట్టెల వరసలో నిలబడితే వెనకనుంచి ఎవరో ఒకరు: "మసూరమ్మా, నీ గింజ ఉడికిందా ఇంకా?" ఆమె వెనక్కి తిరిగి: "ఉడుకుతోంది. ఉప్పు మీ ఇంటినుంచి పంపించు." తల వంచుకునే రకం కాదు.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం బడి వదిలాక నన్ను పిలిచింది. పలకల గదిలో కిటికీ దగ్గర బల్ల వేసుకుంది. పలకల మూలల్లో తేదీ ఉండే చోట నల్లకాగితం అంటించి ఉంది.

"నాకు సాయం కావాలి. ఒక్కో పలకలో ఆ నడుమ చుక్కని చుట్టుపక్కల నక్షత్రాలతో పోల్చి చూడు. దేనికన్నా వెలుగు ఎక్కువ, దేనికన్నా తక్కువ, అంతే చెప్పు. యంత్రం లేని రోజుల్లో మా పెద్దలు ఇలాగే చూసేవాళ్ళు."

"నువ్వే చూడొచ్చుగా?"

"చూశాను. కానీ ఏది ఏ ఏడాదిదో నాకు తెలుసు. నా కన్ను నాక్కావలసిందే చూస్తుంది. నీకు ఈ గెలాక్సీ అంటే ఒళ్ళుమంట. ఒళ్ళుమండే కన్నే నాక్కావాలి."

నవ్వొచ్చింది. కూర్చున్నాను. కొండ మూలికల టీ కాచి చెరో గ్లాసు పోసింది, చేతులు వెచ్చబడడానికి. వెలుగున్నంతసేపూ చూడటం, చీకటి పడితే ఇంటికి పోవడం. అలా వారాలు గడిచాయి. మొదట అన్నీ ఒకేలా కనబడ్డాయి. తర్వాత కన్ను అలవాటుపడింది. కొన్నిట్లో నడుమ మబ్బుగా ఉంది. కొన్నిట్లో సూదిమొనతో పొడిచినంత గట్టిగా ఉంది, అంటే వెలుగెక్కువన్నమాట.

అన్నీ అయ్యాక నేను మబ్బు నుంచి గట్టికి వరసగా పేర్చాను. ఆమె నల్లకాగితాలు ఒక్కొక్కటే ఒలిచింది. మబ్బువన్నీ అరవైల నాటివి. గట్టివన్నీ డెబ్భైల చివరివి. మళ్ళీ ఎనభైల్లో మబ్బు. పలక లోపమైతే ఏళ్ళ వరస చూసుకుని రాదు.

"చూశావా!" అన్నాను, నాదే గెలుపన్నట్టు.

ఆమె వరస చివర, అన్నిటికన్నా గట్టిగా ఉందని నేను పెట్టిన పలకని చూస్తోంది. మూడేళ్ళ కిందట గుర్గెన్ గారికి చూపించింది అదే. ఆమెకి ప్రాణంతో సమానమైన పలక. పనికిరానివన్న సంచుల్లో అదే రాత్రి, కాస్త ఆగి తీసిన ఇంకో పలక దొరికింది. రెండూ పక్కపక్కన పెట్టి, భూతద్దం మార్చి మార్చి చూసింది. రెండోదాంట్లో నడుమ అంత వెలుగు లేదు.

"గుర్గెన్ గారు చెప్పింది నిజం," అంది ఎట్టకేలకు. "ఇది మందు లోపమే."

"ఇన్నాళ్ళూ దీన్ని పట్టుకునేగా కొట్లాడావు?"

"అవును." ఒక్క నిమిషం అరచేతుల్లో మొహం దాచుకుంది. ఏడుస్తోందేమో అనుకున్నాను. తల ఎత్తేసరికి నవ్వుతోంది, కోపంగా. "తప్పు సాక్షిని పట్టుకుని నిజం కోసం కొట్లాడాను వర్తుహి. మిగతావి మిగిలాయి కదా, చాలు. వీటన్నిటినీ మరిగించి, ఇదొక్కటే ఉంచుకుని ఉంటే?" ఆ పలక నా చేతిలో పెట్టింది. "ఇది తీసుకుపో. బడిలో ఏ మూలో పనికొస్తుంది."

ఆ సాయంత్రమే వెళ్ళి గుర్గెన్ గారికి చెప్పేసింది. "ఆ పలక విషయంలో మీరు ఒప్పు. గెలాక్సీ విషయంలో నేను ఒప్పు."

"కంటితో చూసిన లెక్కలు ఎవరొప్పుకుంటారు?" అన్నాడాయన. "వెలుగుని రంగులుగా విడదీసి అందులోని గీతలు చూపించు. అప్పుడు నమ్ముతా."

అందుకు పెద్ద దూరదర్శిని కావాలి. దానికి కరెంటు కావాలి. రోజుకి ఒక గంట, సాయంత్రం పూట వచ్చేది. వస్తే మాత్రం ఏం లాభం? ఊళ్ళో ప్రతి ఇంట్లో ఒకేసారి హీటర్లు పెట్టేసరికి లైను కుంగిపోయేది. దూరదర్శినిని తిప్పే మోటారు మూలిగి ఆగిపోయేది.

మార్చిలో హ్రాచిక్ బడిలో ఊరిని సమావేశపరిచాడు. శూషానిక్ లేచి, ఒక్క సాయంత్రం, ఆ గంటసేపు ఎవరూ ఏదీ వెయ్యకుండా ఉండమని అడిగింది. గొల్లుమన్నారు.

"మా ఇంట్లో స్నానానికి నీళ్ళు కాగేది ఆ గంటలోనే!"

"సీరియల్ వచ్చేది కూడా ఆ గంటలోనేనమ్మా! ఆ పిల్ల తండ్రెవరో ఈ వారం తేలుతుంది!"

"కావాలంటే నీ మసూరు గింజని మా టీవీలో చూపించు, చూస్తాం!"

అప్పుడు వెనక బెంచీ నుంచి హైకానూష్ లేచింది. చేతికర్ర నేలకేసి కొట్టింది.

"నోళ్ళు ముయ్యండి! ఈ చలికాలమంతా నేను చీకటి కొట్టంలో ఎలకలా బతికాను. ఎందుకు? నా ఇంటి అద్దాలు ఇదిగో, ఈ గోడకున్నాయి. వాటి వెనక కూర్చుని మీ పిల్లలు వెచ్చగా ఎక్కాలు చదువుకుంటున్నారు. నా కోడలు పిచ్చిది. నాకు తెలుసు, మీరు చెప్పక్కర్లేదు. కానీ అది మీ పిల్లల్ని చలికి వదిలేసి తన పిచ్చి తీర్చుకోలేదు. ఆ సీరియల్ పిల్లకి తండ్రి ఎవరైతే మీకెందుకే, మీ మొగుళ్ళు కానంతవరకూ?"

బడి కప్పు ఎగిరిపోయేలా నవ్వారు. నవ్విన తర్వాత కాదనడం కష్టం.

గాలి లేని ఒక సాయంత్రం, పొద్దుగుంకి చుక్కలు పొడిచే వేళకి కరెంటు వచ్చింది. సబ్‌స్టేషను హుమ్మని మోగింది. ఊరు మాత్రం నల్లగానే ఉంది. జీవితంలో మొదటిసారి, కరెంటు ఉండి కూడా చీకట్లో కూర్చుంది మా ఊరు. హైకానూష్ కర్ర పట్టుకుని వీధి వీధీ తిరిగింది. ఒక ఇంట్లో నీలం వెలుగు కనబడితే తలుపు బద్దలయ్యేలా కొట్టింది. నేను పైన శూషానిక్ దగ్గర ఉన్నాను. గోపురం గరగరమంటూ తిరిగింది. మోటారు ఆగలేదు. ఆమె కన్ను గొట్టానికి ఆనించి, ఆ గెలాక్సీని, వెలుగు లోపలికి పోయే సన్నని చీలిక మీదనుంచి జారనివ్వకుండా గంటసేపు పట్టుకుంది. మధ్యలో ఒక్కసారి వేళ్ళు తిమ్మిరెక్కాయంటే వాటిని నా చంకలో పెట్టి వెచ్చజేశాను.

మర్నాడు పగటి వెలుగులో గీతలు చూపించింది. "మామూలు గెలాక్సీలో ఈ గీత సన్నగా ఉంటుంది. ఇక్కడ చూడు, ఎంత వెడల్పుగా అలుక్కుపోయిందో. అంటే నడుమ వాయువు మనం ఊహించలేనంత వేగంతో గిర్రున తిరుగుతోంది. అక్కడో కృష్ణబిలముంది వర్తుహి. మేస్తోంది. మేసినప్పుడల్లా చుట్టూ ఉన్నదంతా రగులుతోంది."

గుర్గెన్ గారు ఆ గీతల్ని చాలాసేపు చూశాడు. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాడు. ఒకప్పుడు ఆకాశాన్ని బాగా పరిశీలించినవాడు ఆయన. ఆ క్షణం ఆయన మొహంలో ఏదో మెరిసింది. "బాగుంది," అన్నాడు నెమ్మదిగా. తర్వాత కుర్చీలో వెనక్కి వాలి: "పత్రిక్కి పంపుదాం. మొదట నా పేరు, తర్వాత నీది. ఆనవాయితీ తెలుసుగా. అప్పుడే సంస్థ తరఫున సంతకం పెడతా."

"మీ పేరెందుకండీ?"

"సంస్థ పెద్దని కదా."

"మీరు మరిగించమన్నవాళ్ళు," అంది శూషానిక్. "వర్తుహి పేరు పెడతాను. మీది పెట్టను."

"సంతకం లేకుండా ఎలా పంపుతావో చూస్తా."

"చూడండి."

సంస్థ పేరు లేకుండానే పంపింది. రాసినవాళ్ళ చిరునామా దగ్గర మా ఊరి పేరు, వీధి పేరు, హైకానూష్ ఇల్లు. అది మొదట తిరిగొచ్చింది, కంటి కొలతలు నమ్మలేమంటూ. మళ్ళీ రాసింది, పలకల వరసంతా వివరించి. మళ్ళీ తిరిగొచ్చింది. మూడోసారి పంపేటప్పుడు కవరు మీద అంటించే బిళ్ళల కోసం హైకానూష్ తన రెండు కోళ్ళు అమ్మి, "అవి గుడ్లు పెట్టడం మానేశాయిలే," అంది. అబద్ధం. పెడుతూనే ఉన్నాయి.

అచ్చయింది. మరుసటి ఏడాది అక్టోబరులో ఎరెవాన్‌లో సభకి రమ్మన్నారు. నా పేరు కూడా ఉంది కాబట్టి నేనూ వెళ్ళాను, బడికి సెలవు పెట్టి. హాల్లో వేడి లేదు. అందరూ కోట్లు తియ్యకుండా కూర్చున్నారు. ముందు వరసలో గుర్గెన్ గారు ఉన్నాడు. శూషానిక్ మాట్లాడటం అయిపోగానే పొడుగాటి పెద్దమనిషి ఒకాయన లేచాడు.

"తమరు ఏ సంస్థ నుంచండీ? కాగితంలో ఏదో పల్లెటూరి చిరునామా ఉంది."

"ఆ పల్లెటూరి నుంచేనండి."

"కొలతలు... కళ్ళతోనా?"

"కళ్ళతోనే. నావీ, ఈవిడవీ. పలకలన్నీ అక్కడే ఉన్నాయి. కాదనగలిగినవాళ్ళు వచ్చి చూసి కాదనండి. టీ ఇస్తాం."

ఎవరో దగ్గారు. గుర్గెన్ గారు ఆ పెద్దమనిషి వైపు తిరిగి, "లోపమున్న పలకని ఈవిడే తీసి పక్కన పెట్టింది. నేను చూశాను," అన్నాడు. మళ్ళీ ముందుకి తిరిగి కూర్చున్నాడు. అంతకుమించి ఆయన ఎన్నడూ ఆమెని మెచ్చుకోలేదు. ఆమె అడగనూ లేదు.

తిరుగు బస్సు ఎక్కాక ఆకలేసి లవాష్ రొట్టెలో జున్ను చుట్టుకుని తింటున్నాం. పక్క సీటావిడ అడిగింది, ఎక్కడికి వెళ్ళొస్తున్నారమ్మా అని.

"తగువు పెట్టుకోవడానికి వెళ్ళొస్తున్నాం," అంది శూషానిక్ నోటినిండా రొట్టెతో.

"గెలిచారా?"

"ఇంకా అయిపోలేదు," అని నా చేతిలోంచి రెండో రొట్టె లాక్కుంది.